హెప్సిబా వేయించిన సెకండ్ షో

ఏలూరులో కాలవ పొంగి వీధి మీదకి వస్తే, కార్పొరేషన్ వాళ్ళకి ఫోన్లు చేసి చేసి విసిగిపోయిన ఇల్లాలు చివరికి అనే మాట ఒకటుంది: "ఉండండి, మురుక్కాలవ మేడానికి చెప్తాను." ఆ మేడం పేరు హెప్సిబా. లోకల్ కేబుల్లో వచ్చే 'సుప్రభ' చానల్‌లో విలేకరి. మొదట్లో ఆ పిలుపు ఆమెకి నచ్చేది కాదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ఆదివారం పూట చర్చిలో వాక్యం చదివే మనిషికి ఇదా బిరుదు అనుకునేది. తర్వాత్తర్వాత కూరగాయల బజార్లో ఎవరైనా అలా పిలిస్తే వెనక్కి తిరిగి, "ఏ వీధండీ?" అని అడగడం అలవాటైపోయింది.

ఆమెది తాడేపల్లిగూడెం. నాన్న మిషను స్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకి లెక్కలకన్నా చదివే గొంతు మీద పట్టింపు ఎక్కువ. చర్చిలో చివరి బెంచీలో కునుకు తీస్తున్న పెద్దాయన కూడా లేచి కూర్చోవాలి, అలా చదవాలి అనేవాడు. ఆ గొంతే ఆమెకి ఉద్యోగం తెచ్చింది. ఏలూరు కోడలై వచ్చిన కొత్తలో, చర్చిలో ఎవరిదో పెళ్ళికి వాక్యం చదువుతుంటే, పెళ్ళికి వచ్చిన నాగభూషణరావు గారు విన్నాడు. ఆయనది ఒకప్పుడు టీవీల షాపు. టీవీలు అమ్మి, వాటికి కేబులు లాగి, ఆ కేబుల్లో చూపించడానికి ఒక చానల్ కూడా పెట్టుకున్న మనిషి. భోజనాల దగ్గర ఆమె భర్త ఆనంద్ పాల్‌ని పట్టుకుని, "మీ ఆవిడ చేత వార్తలు చదివిస్తే తప్పేమన్నా ఉందా అండీ?" అని అడిగేశాడు.

అలా రెండేళ్ళు ఆర్.ఆర్.పేటలో మందుల షాపు మీది గదిలో, నీలం గుడ్డ కట్టిన గోడ ముందు కూర్చుని ఎవరో రాసిచ్చిన వార్తలు చదివింది. ఆ తర్వాత దీవెన పుట్టింది. పిల్ల పుట్టాక హెప్సిబా కళ్ళకి ఊరు మారిపోయింది. అంతకుముందు రోజూ దాటి వెళ్ళిన మూతలేని కాలవ ఇప్పుడు పిల్ల పడిపోయే గొయ్యి. స్కూలు గోడ పక్కన వేలాడే కరెంటు తీగ, చెత్తకుండీ దగ్గర గుంపుగా తిరిగే కుక్కలు, పైపు పగిలి మురుగు కలుస్తున్న మంచినీళ్ళు, అన్నీ తన కూతురి మీదకే వస్తున్నట్టుండేది. ఇంట్లో నీళ్ళు కాచేది, చల్లార్చేది, మళ్ళీ ఫిల్టరులో పోసేది. "కాచిన నీళ్ళని మళ్ళీ వడకట్టేదానివి జిల్లా మొత్తానికి నువ్వొక్కదానివే" అని ఆనంద్ పాల్ నవ్వేవాడు. అతను కైకలూరు వైపు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాడు. రోజంతా చెడిపోయిన నీళ్ళే చూస్తాడు కాబట్టి ఇంట్లో నీళ్ళంటే భయం లేదు అతనికి.

ఆ భయమే ఆమెని స్టూడియో గదిలోంచి వీధిలోకి లాగింది. "ఆ కాలవ సంగతి మనం చూపించకూడదా సార్?" అని నాగభూషణరావుని రోజూ సతాయించేది. చివరికి ఆయన, "నువ్వే వెళ్ళి చూపించమ్మా, నా ప్రాణం తీయకు" అని లోగో తగిలించిన మైకు ఆమె చేతికిచ్చాడు. కెమెరాకి అబ్బాయిరాజు. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు పెళ్ళిళ్ళ వీడియోలు తీసినవాడు. అతని మోటార్‌సైకిల్ వెనక కూర్చుని హెప్సిబా ఏలూరులోనూ చుట్టుపక్కలా తిరగని సందు లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళలో ధర్నాకి ఒక పద్ధతుంది. స్టూడెంట్లు పొద్దున్నే మీడియా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఫలానా చోట ధర్నా, మిత్రులందరూ కవర్ చేయవలసిందిగా అని. ఒక చానల్ ముందొస్తుంది, ఒకటి తర్వాతొస్తుంది. ధర్నా అయిపోయి పిల్లలు టీలు తాగుతుండగా ఆఖరి చానల్ దిగుతుంది. అప్పుడు పిల్లలు గ్లాసులు పక్కన పెట్టి, మళ్ళీ బ్యానరు పట్టుకుని, మళ్ళీ అదే కోపంతో అవే నినాదాలు చేస్తారు. ఇందులో మోసం ఉందని ఎవరూ అనుకోరు. పెళ్ళిలో ఫొటో సరిగ్గా రాలేదని తలంబ్రాలు మళ్ళీ పోయించినంత మాత్రాన పెళ్ళి అబద్ధం అయిపోదు కదా. అబ్బాయిరాజు దీనికి 'సెకండ్ షో' అని పేరు పెట్టాడు. మిగతా కెమెరా వాళ్ళు కూడా అదే మాట అనేవారు.

ఒక సోమవారం అలాంటి ధర్నాకే హెప్సిబా ఆలస్యంగా వెళ్ళింది. దీవెనకి దగ్గు. జ్వరం చూసింది, లేదు. మళ్ళీ చూసింది. పిల్ల గుండెల మీద చెవి పెట్టి ఊపిరి విన్నది. పక్కటెముకలు లోపలికి పోతున్నాయేమో అని చొక్కా ఎత్తి చూసింది.

"హెప్సీ, అది బొమ్మలు చూసి పకపకా నవ్వుతోంది. జబ్బుగా ఉన్న పిల్ల అలా నవ్వదు. నువ్వు బయల్దేరు" అన్నాడు ఆనంద్ పాల్.

"మీరు ల్యాబుకి వెళ్ళిపోతారు. అత్తయ్య గారికి ఊపిరి తేడా తెలుస్తుందంటారా?"

"మా అమ్మ నన్ను పెంచలేదా?"

కింద అబ్బాయిరాజు హారన్ కొడుతూనే ఉన్నాడు. వెళ్ళవలసింది భీమడోలు దారిలో ఉన్న ఒక ఆడపిల్లల హాస్టలుకి. డిగ్రీ చదివే పిల్లలు ఉంటారు అక్కడ. చాలామంది కొల్లేటి లంకల నుంచి వచ్చినవాళ్ళు. కుళాయిల్లో నీళ్ళు పసుపుపచ్చగా వస్తున్నాయని, కంపు కొడుతున్నాయని, ధర్నా చేస్తున్నామని వీరదుర్గ అనే అమ్మాయి ముందురోజే ఫోన్ చేసి చెప్పింది.

వీళ్ళు చేరేసరికి ధర్నా లేదు. గేటు దగ్గర ఒక సన్నపాటి పిల్ల చేతిలో సీసా పట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయిందండి మేడం. మీరు లేటు" అంది. వీరదుర్గ ఆమే.

"మిగతా చానల్స్ వచ్చేయా?"

"ఎవరూ రాలేదండి. మేమే లోపల వాకిట్లో బక్కెట్లు పెట్టుకుని కూర్చున్నాం. వార్డెన్ మేడం వచ్చి నీళ్ళు చూసేరు. రేపు టాంకు కడిగిస్తానన్నారు. మీరు లేవండమ్మా, కాలేజీకి వెళ్ళండి అన్నారు. సరేనని లేచిపోయాం."

"మంచిదేగా మరి."

"జూన్‌లో కూడా కడిగిస్తామన్నారండి."

హెప్సిబా సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. పలచటి టీ రంగు. అడుగున మడ్డి. మూత తీసి వాసన చూసింది. కాలేజీ ల్యాబులో పాడైన కోడిగుడ్డు కంపు కొట్టే గ్యాసు తయారుచేసిన రోజు గుర్తొచ్చింది. ఆ వెంటనే దీవెన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగడం గుర్తొచ్చింది. ఒళ్ళు మండింది.

లోపలికి వెళ్ళి కుళాయిలు తీద్దామంటే వార్డెన్ ప్రభావతి గారు గేటుకి అడ్డం వచ్చింది. "ఆడపిల్లల హాస్టలండీ. లోపల కెమెరా కుదరదు. మీకూ ఆడపిల్ల ఉండే ఉంటుంది, మీకు తెలీదా?" ఆ మాట న్యాయమే. హెప్సిబా వెనక్కి వచ్చింది.

"మేడం గారండి" అన్నాడు అబ్బాయిరాజు కెమెరా భుజాన వేసుకుంటూ. "సీసా ఒక్కటీ చూపిస్తే ఎవరు చూస్తారండి? సెకండ్ షో వేయించేద్దాం. గేటు బయటైతే ఆవిడేం అనడానికి లేదు."

హెప్సిబా వీరదుర్గ వైపు తిరిగింది. "రెండు నిమిషాలమ్మా. పిల్లల్ని బక్కెట్లతో తీసుకురా. ఇలా రోడ్డు వారగా కూర్చుందురు గాని."

పిల్ల తటపటాయించింది. "వార్డెన్ మేడానికి ఇంక ధర్నా చెయ్యం అని మాటిచ్చామండి."

"ఇది మళ్ళీ చెయ్యడం కాదమ్మా, చేసింది చూపించడం. ఈయన కెమెరా ఆపగానే లేచిపోదురు గాని."

వీరదుర్గ లోపలికి వెళ్ళింది. కాలేజీకి తయారైన పిల్లలు పాతికమంది దాకా బక్కెట్లతో వచ్చారు. మొదట రోడ్డు వారనే కూర్చున్నారు. అబ్బాయిరాజు కెమెరాలోంచి చూస్తూ, "కొంచెం ముందుకండి... ఇంకొంచెం ముందుకమ్మా... బస్సు ఫ్రేములోకి రావాలి" అంటున్నాడు. హెప్సిబా కూడా, "రోడ్డు మీదకి రండమ్మా, భయం లేదు, మేమున్నాం" అంది. ఆర్టీసీ బస్సు ఆగింది. దాని వెనక ధాన్యం లారీ ఆగింది. దాని వెనక ఇంకేం ఆగాయో కనిపించలేదు, హారన్లు మాత్రం వినిపించాయి. ఆ గోలలో వీరదుర్గకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. సీసా పైకెత్తి మైకులోకి చెప్పింది:

"ఈ నీళ్ళతో తలంటుకుంటే జుట్టు అట్టకట్టేస్తోందండి. తాగితే కడుపులో తిప్పుతోంది. మేం కొల్లేటి వాళ్ళం. నీళ్ళ మధ్య పుట్టేం, నీళ్ళలో పెరిగేం. ఏ నీళ్ళు తాగాలో, ఏ నీళ్ళు తాగకూడదో మాకు ఒకరు చెప్పక్కర్లేదు!"

ఆ సాయంత్రం వార్తల్లో అది వచ్చింది. వచ్చిన కాసేపటికే ఫోన్లలో తిరగడం మొదలైంది. మర్నాడు టాంకు కడిగారు, పాత పైపు తీసేసి కొత్తది వేశారు. నాగభూషణరావు ఆఫీసుకి మిరపకాయ బజ్జీలు తెప్పించి, "మన చానల్ దెబ్బంటే ఇదీ!" అన్నాడు. హెప్సిబా ఆ వీడియో నాన్నకి పంపింది. ఆయన, "గొంతు బాగుంది. హారన్లు తగ్గించవలసింది" అని జవాబిచ్చాడు.

ఆ సంతోషం నిండా వారం నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద రేకు పెట్టె తగులుతున్న చప్పుడు వినిపించింది. ముందు వీరదుర్గ, వెనక పెట్టెకి రెండో పక్క పట్టుకుని ఒకావిడ. వీరదుర్గ తల్లి ఇందిర. రొయ్యలు వలిచే షెడ్డులో పని. ఐసులో నానీ నానీ ఆమె వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా పిల్లని హాస్టల్లోంచి పంపేసేరండి" అంది.

హెప్సిబాకి అర్థం కాలేదు. "ఎందుకు? టాంకు కడిగారు కదా?"

"కడిగేరండి. కడిగిన తర్వాతే పంపేసేరు."

వీరదుర్గ చెప్పింది. రోడ్డు మీద బస్సు ఆగిపోయిన సంగతి వీడియోలో చూసి, ఏం జరిగిందో రాసి పంపమని పైవాళ్ళు వార్డెన్‌ని అడిగారు. ఆవిడ జరిగింది జరిగినట్టు రాసింది. పిల్లలు వాకిట్లో కూర్చున్నారు, నేను మాటిచ్చాను, వాళ్ళూ ఇంక చెయ్యం అని మాటిచ్చి లేచారు, లేచి మళ్ళీ రోడ్డెక్కారు. ముందుండి నడిపించింది వీరదుర్గ. గురువారం జిల్లా నుంచి ఆఫీసరు విచారణకి వస్తాడు. అప్పటిదాకా హాస్టల్లో ఉండటానికి వీల్లేదు. ఆ రోజు తేలేదాన్ని బట్టి సీటు ఉంటుందో పోతుందో తెలుస్తుంది.

"ఆవిడ రాసిన దాంట్లో అబద్ధం లేదు మేడం" అంది వీరదుర్గ. "అదే కదా వచ్చిన చిక్కు. లోపల కూర్చున్నందుకు ఎవరూ ఏమీ అనలేదు. లేచి మళ్ళీ కూర్చున్నందుకే."

 కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయిరాజు వెనక్కి తిరగలేదు.

"సీటు పోతే కాలేజీ పోయినట్టేనండి" అంది ఇందిర. "మా లంక నుంచి పడవ దాటి, గట్టు మీద నడిచి రోడ్డెక్కి, బస్సు దొరికి, కాలేజీకి చేరేసరికి సగం క్లాసులు అయిపోతాయి. వానాకాలం ఆ గట్టు కూడా ఉండదు. ఇంకేం చేస్తానండీ? నాతోపాటు షెడ్డుకి తీసుకుపోతాను. వేళ్ళు సన్నంగా ఉన్నాయి, బాగానే వలుస్తుంది." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే హెప్సిబాకి కాస్త తేలిగ్గా ఉండేది.

"మేము కూర్చోమన్నామని చెప్పలేదా అమ్మా?"

"చెప్పమని నేనూ కొట్టుకుంటున్నానండి. నోరిప్పదు" అంది తల్లి.

"చెబితే ఏమవుతుందో నాకు తెలుసు" అంది వీరదుర్గ. "ధర్నా టీవీ వాళ్ళు ఆడించింది అంటారు. తర్వాత నీళ్ళు కూడా టీవీ వాళ్ళు పోయించినవే అంటారు. లోపల ఇంకా అరవైమంది ఉన్నారండి. మళ్ళీ టాంకు పాడైతే వాళ్ళ మాట ఎవరు నమ్ముతారు?"

ఆ సాయంత్రం హెప్సిబా పిల్లకి అన్నం పెడుతూ ముద్ద కలిపి, కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని కూర్చుంది. దీవెన నోరు తెరిచి చూసి చూసి, తనే వంగి ముద్ద అందుకుంది.

"నేను వెళ్ళి చెప్పాలి" అంది భర్తతో. "కానీ ఆ పిల్ల అన్నదీ నిజమేనండి. నేను చెబితే నీళ్ళ సంగతి కూడా అబద్ధమైపోతుంది."

ఆనంద్ పాల్ తన ల్యాబు సంగతి ఎత్తాడు. "మా దగ్గరికి చెరువు నీళ్ళు తెస్తారు. కొందరు కిరసనాయిలు డబ్బాలో తెస్తారు. ఆ శాంపిలు మేము పారేస్తాం, పనికిరాదని. అంతమాత్రాన ఆ చెరువు బాగున్నట్టా? రొయ్యలు చస్తూనే ఉంటాయి. మళ్ళీ వెళ్ళి శుభ్రమైన సీసాలో పట్టి తెమ్మంటాం."

"అంటే?"

"నీ డబ్బా కంపుదని ఒప్పుకో. చెరువు గురించి చెరువునే అడగమను."

మర్నాడు నాగభూషణరావుకి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, సెకండ్ షో వేయించని చానల్ ఈ జిల్లాలో ఏదైనా ఉందా?"

"లేదండి."

"అందరూ చేసేదానికి నువ్వొక్కదానివే వెళ్ళి మెడ వంచితే ఏమవుతుంది? రేపట్నించి మనం కాలవ చూపిస్తే, ఆ మురుగు మీరే పోశారంటారు. మిగతా చానల్స్ వాళ్ళు మన మొహాన ఉమ్మేస్తారు. వాళ్ళ పొట్ట మీద కూడా కొడుతున్నావు కదా."

"ఆ పిల్ల చదువు పోతోంది సార్. నా మాట మీద కూర్చుంది. భయం లేదు, మేమున్నాం అన్నాను. మనం ఉన్నామా మరి?"

ఆయన చెడ్డవాడు కాడు. ఇరవై ఏళ్ళు కష్టపడి లాగిన తీగ తెగిపోతుందేమోనని భయం, అంతే. చివరికి అన్నాడు: "వెళ్ళు. వద్దంటే ఆగేదానివా? కానీ ఆ మైకు ఇక్కడ పెట్టి వెళ్ళు. హెప్సిబాగా వెళ్ళు, సుప్రభగా కాదు. వచ్చాక కొన్నాళ్ళు స్టూడియోలో చదవడం ఒక్కటే నీ పని. బయటి ఐటమ్స్ వద్దు."

హెప్సిబా మైకు బల్ల మీద పెట్టింది. మెట్లు దిగుతుంటే అబ్బాయిరాజు వెనకాలే వచ్చి, ఫోన్ ఇమ్మని అడిగి, అందులో ఏదో ఎక్కించి ఇచ్చాడు. "ఆ రోజు తీసిందంతా ఉందండి, కట్ చెయ్యకుండా. మీ గొంతూ ఉంది, నాదీ ఉంది. నాది తీసేద్దామనుకున్నాను. బాగోదని ఊరుకున్నాను."

గురువారం హాస్టలు ఆఫీసు గదిలో విచారణ. ఆఫీసరు పేరు శ్యామ్ సుందర్. బల్లకి ఒక పక్క ప్రభావతి గారు, ఎదురుగా వీరదుర్గ. ఇందిర బయట అరుగు మీద రేకు పెట్టె పక్కన కూర్చుంది. హెప్సిబా గుమ్మం దగ్గర నిలబడగానే ఆఫీసరు మొహం చిట్లించాడు.

"ప్రెస్ వాళ్ళు లోపలికి రాకూడదండీ."

"ప్రెస్‌గా రాలేదండి. ఆ రోజు ఈ పిల్లల్ని రోడ్డు మీద కూర్చోబెట్టింది నేను. అది చెప్పడానికి వచ్చాను."

వీరదుర్గ చటుక్కున తలెత్తింది. హెప్సిబా ఫోన్ బల్ల మీద పెట్టి వీడియో నడిపింది. ముందు బక్కెట్ల చప్పుడు. తర్వాత అబ్బాయిరాజు గొంతు, ముందుకి రమ్మని. ఆ తర్వాత ఆమె గొంతు. ఎన్నోసార్లు టీవీలో విన్న తన గొంతే, కానీ ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదనిపించింది. 'రోడ్డు మీదకి రండమ్మా, భయం లేదు, మేమున్నాం.' ఒక్క అక్షరం కూడా మింగకుండా, ఎంత దూరానికైనా వినపడేలా ఉంది.

ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఓహో. అంటే ఇదంతా టీవీ కోసం ఆడిన నాటకమన్నమాట. నీళ్ళు బాగాలేవన్నదీ అందులో భాగమేనా?"

వీరదుర్గ హెప్సిబా వైపు చూసింది. నేను చెప్పలేదా అన్నట్టుంది ఆ చూపు.

"రోడ్డు మీద కూర్చోవడం నేను చేయించిందండి" అంది హెప్సిబా. "నీళ్ళు నేను పోయించలేదు. నా మాట మీద నమ్మకం లేకపోతే నమ్మకండి, నమ్మమని అడిగే మొహం కూడా నాకు లేదు. టాంకు కడిగించింది మేడం గారు. ఆవిడని అడగండి."

ప్రభావతి గారు ఫోన్ వైపే చూస్తోంది. ఆవిడకి ఇంక రెండేళ్ళ సర్వీసు ఉంది. టాంకులో ఏముందో చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదని ముందు అడిగేది ఆవిడనే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"అడుగున మోకాలి దాకా మడ్డి ఉందండి" అంది చివరికి. "చచ్చిన పావురం కూడా ఉంది. మూత పగిలిపోయి ఎన్నాళ్ళయిందో."

"మీ రిపోర్టులో రాయలేదే?"

"రోడ్డెక్కినదాని గురించే అడిగేరండి. పావురం గురించి ఎవరూ అడగలేదు." అని, హెప్సిబా వైపు తిరిగింది. "ఒక్క మాట చెప్పనివ్వండమ్మా. ఈ హాస్టల్లో పిల్లలు నాకిచ్చిన మాట తప్పరు. అదొక్కటే నాకు ఇక్కడ ఉన్న బలం. ఆ మాట మీరు తప్పించేరు. నాకు పైవాళ్ళ దగ్గర మాటొచ్చినందుకు బాధ లేదు. పిల్లల చేత మాట తప్పించినందుకు బాధేసింది."

"తెలిసిందండి" అంది హెప్సిబా.  "క్షమించండి" అన్న మాట గొంతులోంచి వచ్చిందో లేదో ఆమెకే తెలియలేదు.

హెప్సిబా చెప్పిందంతా శ్యామ్ సుందర్ గారు ఆమె చేతే రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. చానల్ మీద పైకి రాస్తానన్నాడు. రాయమంది. తర్వాత వీరదుర్గని నిలబెట్టి, రోడ్డు మీద కూర్చుంటే లారీ ఆగకపోయి ఉంటే ఏమయ్యేదో తెలుసా అని, మీ అమ్మ మొహం చూశావా అని చాలాసేపు కేకలేశాడు. పిల్ల తల వంచుకుని విన్నది.  ఆ లారీ హెప్సిబాకి ఇప్పటిదాకా తోచలేదు. రోజూ ఇంట్లో వెయ్యి ప్రమాదాలు ఊహించుకునే తను, ఎవరో కన్నపిల్లల్ని ఆ రోజు లారీ ముందు కూర్చోబెట్టి, హారన్లు బాగా పడుతున్నాయా లేదా అని చూసుకుంది.

"సీటు ఉంటుంది" అన్నాడు ఆఫీసరు చివరికి, కాగితాలు సర్దుకుంటూ. "ఇంకోసారి అయితే ఉండదు. ప్రభావతి గారూ, టాంకుకి కొత్త మూత నేను చూసి వెళ్తాను, పదండి."

వాళ్ళిద్దరూ డాబా మీదకి వెళ్ళారు. వీరదుర్గ అరుగు మీదకి వచ్చి తల్లికి చెప్పింది. ఇందిర పైట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, పెట్టె గొళ్ళెం సరిగా పడిందో లేదో చూసింది.

"వెళ్ళవే, పెట్టుకో లోపల. మళ్ళీ మనసు మార్చుకుంటారు."

వీరదుర్గ పెట్టె ఎత్తబోయి ఆగింది. "మేడం, నిజం చెప్పనా?"

"చెప్పమ్మా."

"ఆ పొద్దున్న మీరు అడక్కపోయినా నేను రోడ్డెక్కేదాన్నేనండి. జూన్ నించి విసిగిపోయేను."

ఇందిర చెయ్యెత్తి ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది. "నోరు మూసుకుని లోపలికి పో! ఆయన జీపింకా ఇక్కడే ఉంది."

పిల్ల వీపు తడుముకుంటూ, నవ్వు ఆపుకుంటూ, పెట్టె ఈడ్చుకుంటూ లోపలికి పోయింది. అది నిజంగా అందో, తన మొహం అలా వేలాడుతుంటే చూడలేక అందో హెప్సిబాకి అంతుపట్టలేదు. లోపల మేడ మెట్ల మీద ఎవరో "దుర్గక్క వచ్చేసింది!" అని అరిచారు. పెట్టె నేల మీద రాసుకుంటున్న చప్పుడు ఆగిపోయింది. పది చేతులు దాన్ని ఎత్తుకుని ఉంటాయి.

రోడ్డు మీదకి వచ్చి హెప్సిబా, ఇందిర బస్సు కోసం నిలబడ్డారు. ఎండ దిగుతోంది. ఇందిరే మాట కలిపింది.

"మీకెంతమందండి పిల్లలు?"

"ఒక్కతే. మూడేళ్ళు."

"మాటలొచ్చేసేయా?"

"ఆపమన్నా ఆపదు."

"ఆయ్, అలాగే ఉంటారండి" అంది ఇందిర. "ఆపకండి."

ఏలూరు బస్సు కిటకిటలాడుతూ వచ్చింది. ఇందిర మోచేతుల్తో తోసుకుంటూ ముందెక్కి, దొరికిన సీట్లో కూర్చుని, పక్కన తన సంచీ పెట్టి, ఎవరో కూర్చోబోతే, "మనిషి వస్తున్నారండి" అని గట్టిగా చెప్పి హెప్సిబా కోసం అట్టేపెట్టింది.